ఎలర్జీ పరీక్షకు పోవు ముందు



గట్లమీద, బీళ్ళలో తెల్లపూలతో నిలిచియుండు వయ్యారిభామను మీరెరుగుదురు. ఇది పూణేలో ఉన్నదని 1956లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తరువాత దేశమంతట వ్యాపించినది. దీనిలోని పార్థెనిన్ అను పదార్థము తగిలినచో కొందరికి చర్మము కంది దురద పుట్టును. పుప్పొడి పీల్చినచో తుమ్ములు, ఆయాసము వచ్చును. కారణము ఇదేనా అని తేల్చుటకే ఎలర్జీ పరీక్ష.

నిరుడు రాజేంద్రనగరు క్షేత్రములో కలుపు తీయించుచుండగా నాకును తుమ్ములు పట్టుకొనెను. పరీక్షకు ముందురాత్రి తాళలేక సిట్రిజిన్ మాత్ర వేసికొంటిని. ముంజేతిపై సూదితో గుచ్చి, పావుగంటలో దద్దురు లేచునేమో చూచు పరీక్ష అది. మాత్ర ఆ దద్దురును అణచివేయును. ఫలితము నమ్మదగదని వైద్యుడు త్రిప్పి పంపెను. అట్టి మాత్రలను సాధారణముగా వారము ముందే మానవలెను. ఎన్నాళ్ళన్నది వైద్యునే అడుగుడు.

చర్మము కందినవారికి వీపుపై పట్టీలు అంటింతురు. రెండు దినములు వానిని తడపరాదు, చెమట పట్టు పని చేయరాదు. మరల చూపించుకొనుటకు పోవలెను. కావున నాట్లు, కోతలు లేని వారము చూచుకొనుడు. వీపునకు నూనె రాయకుడు. స్టీరాయిడు మందులు వాడుచున్నచో ముందే చెప్పుడు.

ఆయాసపు మందులను మాత్రము మీ అంతట మానకుడు, ప్రాణముమీదికి వచ్చును. వాడుచున్న మందుల పేర్లు, చల్లిన పురుగుమందుల పేర్లు వ్రాసికొని పొండు. పరీక్ష సరిగా జరిగిననే దేనికి దూరముగా నుండవలెనో తెలియును. అంతవరకు వయ్యారిభామను వట్టిచేతులతో పీకకుడు.