క్రొత్తవారికి కడలివేట
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



తిరుత్తణి కొండక్రింద నిలిచి సముద్రపు వేటను గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని మన నందియేటి నీరు కుశస్థలిలో గలిసి ఎన్నూరు వద్ద కడలినే చేరుచున్నది. తిరువళ్ళూరు జిల్లాకు తూర్పుటెల్ల బంగాళాఖాతమే. పై తరగతుల బాలురు పళవేర్కాడు పోయి పడవ యెక్కెదమని యడుగుచున్నారు. వలదనుటకంటె తెలిపి పంపుట మేలని నా తలంపు.

వారు పటములలో చూచి ముచ్చటపడుచున్న చేప మహీమహీ. అది హవాయి ద్వీపవాసుల మాట. మహీ యనగా బలము గలదని అర్థము. ఆంగ్లమున దీనిని డాల్ఫిన్ చేప యందురు గాని, చట్టము కాపాడు డాల్ఫినుకును దీనికిని చుట్టరికము లేదు. అది పిల్లలకు పాలిచ్చు జంతువు. ఇది మొప్పలతో ఊపిరి తీయు మీనము. వీపున నీలము, ఆకుపచ్చ, ప్రక్కల బంగారు వన్నె. మగదాని నుదురు గోడవలె నిలువుగా నుండును. పడవలో పడిన కొలది సేపటికే ఆ వన్నెలన్నియు వెలిసిపోవును. నాలుగైదేండ్లకు మించి బ్రతుకుట అరుదు.

ఇది లోతైన నీలిజలములలో, తేలు దుంగల నీడను ఆశ్రయించి తిరుగును. ఈ గుణమును కనిపెట్టియే మాల్టా ద్వీపపు జాలరులు తాటిజాతి ఆకులను బెండ్లకు గట్టి నీటిపై తేల్చి, ఆ నీడ జేరిన చేపలను వలవైచి పట్టుదురు. గాలపు వేటగాండ్రు పడవ సాగుచుండగా ఎరను నీటిపై ఈడ్తురు. ఒకటి తగిలినచో వెంటనే పైకి లాగక కొంతసేపు నీటనే యుంచుదురు. గుంపులోని తక్కినవి దాని చెంతకే వచ్చును. పైకి తీసిన పిమ్మట విపరీతముగా కొట్టుకొనును గావున బాలుని చేయి దాని దరికి పోరాదు. (గాలమును తమిళమున తూండిల్ అందురు. ఇంటనైనను మన పిల్లలచే గాలమనిపింపుడు.)

ఇక అసలు సంగతి. 2011 డిసెంబరు 25న పళవేర్కాడులో విహారమునకు వెళ్ళిన పడవ మునిగి 20 మందికి పైగా అసువులు బాసిరి. వారు వేటకై నడికడలికి పోయినవారు కారు. లైఫ్ జాకెట్టు తొడుగక ఎవ్వరును పడవ యెక్కరాదు. పడవవాడు ఇంకొకరికి చోటున్నదనినచో మీ బిడ్డను దింపుకొనుడు, మొగమాటము వలదు.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల కాలము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవల వేటకు నిషేధము. తక్కిన దినములలోను వాతావరణ శాఖ హెచ్చరిక చూచి, ఆ నీటిని చిన్ననాటి నుండి యెరిగిన జాలరి వెంటనే పోవలెను. మొదటి పయనము సరస్సునందే, గట్టు కనబడు మేర వరకే. అక్కడ జాలరులకు 'పాడు' అను వంతుల కట్టుబాటు గలదు. ఎవరి వంతున వారే ఆ తావున వల వేయుదురు. చూడవచ్చినవారు అడుగక గాలము వేయుట వారి కూటికి అడ్డుపడుటయే.

తల్లులకొక మాట. మహీమహీ మంచులో లేక వేడికి నిలిచినచో దానిలో హిస్టమిన్ అను విషము పుట్టును. ఎంత ఉడికించినను అది పోదు. తిన్నవారికి ముఖము ఎఱ్ఱబారి, తలనొప్పియు దురదయు పుట్టును. అట్టి యెడ వెంటనే వైద్యునికి చూపవలెను.

పళవేర్కాడు ప్రయాణమునకు ఈత వచ్చిన బాలుర పేర్లను మాత్రమే ఉపాధ్యాయులకు తెలుపుడు. రానివారికి నేర్పుటకు ఇంకను వ్యవధి యున్నది.