నడకకు ముందు సంచీ

రేపటి నుంచి నడుద్దామనుకునేవాళ్లు ముందు బూట్లు చూసుకోండి. మడమ అరిగిపోయినవైతే మోకాళ్లు ఊరుకోవు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఐదు రోజులు, అరగంట చొప్పున. వానొస్తే వరండా ఉండనే ఉంది.

అసలు చిక్కు వంటింట్లో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో, ఆకుకూరలతో కలిపి మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి వారానికి 11 కిలోల పైమాటే! రైతుబజారుకు ఒక్క సంచీ చాలదు. ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో వండేయండి. తర్వాత బీర, దొండ. గుమ్మడి, కంద చివరికి. రాత్రి శనగలు నానబెడితే, నడిచొచ్చాక గుగ్గిళ్లు చేసుకోవచ్చు. ఊరగాయ జాడీ మాత్రం కాస్త దూరంగా పెట్టండి, ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి మరి.