బిద్రీ పూలతీగ, దానిని చెక్కిన చేయి



హక్కుల సభలో పూల గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు ఆశ్చర్యపడ్డారు. నేను చెప్పబోయేవి నల్లని లోహం మీద వెండితో పూసిన పూలు. మీ ఇంట్లో నానమ్మల కాలం నాటి బిద్రీ పాన్‌దాన్ గాని, సురాహీ గాని ఉంటే ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ద్రాక్షతీగ, గసగసాల మొక్క, నక్షత్రాల వంటి చిన్న చిన్న పువ్వులు కనిపిస్తాయి. ఆ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకోవడం కష్టం.

జహీరాబాదు దాటి వెళితే బీదరు వస్తుంది. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రంలో భాగమే. బహమనీ సుల్తానుల కాలంలో అక్కడ వేళ్లూనిన ఈ కళను నేటికీ నిలబెట్టిన వారిలో జనాబ్ షా రషీద్ అహ్మద్ ఖాద్రీ సాహెబ్ ప్రముఖులు. 2023లో భారత ప్రభుత్వం వారిని పద్మశ్రీతో గౌరవించింది.

వారి వంటి కళాకారుడు చేసే పని ఏమిటో కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. కొనేవారికి నున్నని నలుపు, మెరిసే తెలుపు తప్ప మిగిలినది కనబడదు. జింకులో కొద్దిపాటి రాగి కలిపి కరిగించి, ఇసుక అచ్చులో పోసి పాత్రను తీస్తారు. ఆకురాయితో రుద్ది నునుపు చేస్తారు. మైలుతుత్తం నీరు పూస్తే పైభాగం తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద సన్నని మొనతో, చేతితోనే, తీగలూ ఆకులూ గీస్తారు. తరువాత చిన్న ఉలులతో గీత గీతనూ తొలిచి, ఆ గాడిలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో మెల్లగా దిగగొడతారు. తీగతో చేసే పని తార్‌కషీ, రేకుతో చేసేది తహ్‌నిషాన్. పువ్వు రేకు వంపులో ఉలి వెంట్రుకవాసి తప్పినా వెండి సరిగా కూర్చోదు.

చివరి ఘట్టం మట్టిది. ఎండావానా తగలక ఏళ్ల తరబడి ఉండిపోయిన బీదరు కోట మట్టిని తెస్తారు. పనికి వచ్చే మట్టి అవునో కాదో నాలుకపై వేసుకుని రుచి చూసి తేల్చే పనివారున్నారు. దానిని నవాసాగరంతో కలిపి, వేడి చేసిన పాత్రకు రుద్దితే లోహం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. పువ్వు అప్పుడే బయటపడుతుంది.

పద్మశ్రీ అందుకున్న రోజున ఖాద్రీ సాహెబ్ ప్రధానమంత్రితో అన్న మాటలు పత్రికలన్నింటిలో వచ్చాయి. వెనుకటి ప్రభుత్వ కాలంలో ఎదురుచూశాననీ, ఈ ప్రభుత్వం వచ్చాక ఇక తనకు రాదనుకున్నాననీ, ఆ అంచనా తప్పని తేలిందనీ వారన్నారు. ఆ మాటలను కొందరు ఒక పక్షానికి ప్రశంసగా వాడుకున్నారు, మరికొందరు నొచ్చుకున్నారు. నాకు వినిపించినది వేరు. జీవితమంతా వెండి తీగతో గడిపిన కళాకారుడు, తన పనికి గుర్తింపు వస్తుందో రాదో అధికారంలో ఎవరున్నారో చూసి అంచనా వేసుకోవలసి వచ్చింది. పౌరునికి ఆ లెక్క ఎందుకు అవసరం కావాలి?

గుర్తింపు ఒక్కరికి దక్కింది, సంతోషం. మిగిలిన పనివారి సంగతి చూద్దాం. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు లభించింది. అదే సంవత్సరం సచార్ కమిటీ నివేదిక వెలువడింది. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం ఇంటిలోనే ఉండి పనిచేస్తున్నారని, మొత్తం శ్రామిక స్త్రీలలో ఆ సంఖ్య 51 శాతమేనని ఆ నివేదిక చెప్పింది. ఇంటి గోడల మధ్య సాగే పనికి హాజరుపట్టీ ఉండదు, భవిష్యనిధి ఉండదు. గిరాకీ తెచ్చే మధ్యవర్తి చెప్పినదే కూలి. వెండి ధర పెరిగితే ఆ భారం మొదట పడేది పనివాని మీదనే.

2023 సెప్టెంబరులో ప్రారంభమైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి, కంసాలి, కుమ్మరి ఉన్నారు. బిద్రీ పని పేరు ఆ జాబితాలో లేదు. చేర్చమని అడగడం మన హక్కు. వినతిపత్రం ఉర్దూలోనూ, తెలుగులోనూ, కన్నడంలోనూ వెళ్లాలి.

భౌగోళిక గుర్తింపు చట్టంలో చాలామందికి తెలియని ఏర్పాటు మరొకటి ఉంది. వస్తువు నమోదైనంత మాత్రాన పనివానికి దాని రక్షణ పూర్తిగా దక్కదు. అధీకృత వినియోగదారునిగా అతడు తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. అప్పుడే నకిలీ సరుకు మీద తానే న్యాయస్థానానికి వెళ్లగలడు. దరఖాస్తు నింపడం చదువుకున్న మన పిల్లలకు ఒక సాయంత్రం పని. బీదరులో బంధువులున్న యువకులు ఈ సభలో ఎందరో ఉన్నారు. సెలవులకు వెళ్లినప్పుడు, ఒక్కొక్క కార్ఖానాలో కూర్చుని ఆ కాగితాలు రాసిపెట్టండి. హస్తకళాకారుల గుర్తింపు కార్డు లేనివారికి అదీ ఇప్పించండి.

ఇక కొనుగోలుదారులుగా మనం. పెళ్లి కానుకకు బిద్రీ కొనేటప్పుడు బేరం తరువాత ఆడవచ్చు, ముందు చేసినవారి పేరు అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే, తెలుసుకుని చెప్పమనండి. తెలంగాణ ప్రభుత్వ గోల్కొండ విక్రయశాలల్లో ప్రతి బిద్రీ వస్తువు ధర చీటీ మీద కళాకారుని పేరు, ఊరు అచ్చువేయాలని కోరుతూ సిద్ధం చేసిన వినతిపత్రం వేదిక పక్కనున్న బల్ల మీద ఉంది. వెళ్లేముందు సంతకం చేయండి.