విశ్వవిద్యాలయ గుమాస్తాలకును శిక్షణ కావలెను



మన బరంపురమున 1967లో విశ్వవిద్యాలయము వెలసినది. అందు కొలువును మన పిల్లలు కోరుట సహజము.

1986 నాటి జాతీయ విద్యావిధానము పిదప అధ్యాపకుల శిక్షణకై దేశమున ప్రత్యేక కళాశాలలు ఏర్పడినవి. ఏ విశ్వవిద్యాలయమందైనను గుమాస్తాలు, ప్రయోగశాల సహాయకులు, వసతిగృహపు వంటవారల సంగతి అంతగా తలచువారు అరుదు. ఇంట తెలుగు మాటలాడువాడు ఒడియాలో కాగితము వ్రాయుటకు జంకి, పదోన్నతికే ముందుకు రాడు. ఒడియా నేర్వవలదని మేమనము. నేర్వకున్న లోపము మనదే. కాని మా కొట్లలో క్రొత్త గుమాస్తాను పాతవాని ప్రక్కన కూర్చుండబెట్టి చిట్టా, ఆవర్జా నేర్పిన పిమ్మటనే గదా తప్పులెన్నుదుము! పనివేళలలోనే నెలకు కొన్ని గంటలు కార్యాలయపు ఒడియా నేర్పుట విశ్వవిద్యాలయమునకు బరువు కాదు. ఒడియా శాఖ అక్కడనే యున్నది.

ఇది భాషకు మాత్రమే చెందిన మాట కాదు. ప్రతి సంస్థయు సమానావకాశ విధానమును ప్రకటింపవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము శాసించుచున్నది. శిక్షణను మేడమీది గదిలో పెట్టి, మెట్లెక్కలేనివాని పేరు పట్టికలో వ్రాసినంతనే అది నెరవేరునా?

అచటి మన ఉద్యోగులు తమకు కావలసిన శిక్షణ యేదో వ్రాసి వచ్చు ఆదివారములోగా సంఘమునకు అందజేయుదురు గాక. రిజిస్ట్రారు గారి కడకు విజ్ఞాపనమును మేమే గొనిపోయెదము.