శనిచంద్రునిలో సముద్రము



శనిగ్రహమునకు ఎన్సెలాడస్ అను చిన్న ఉపగ్రహము కలదు. దానిని 1789లో విలియం హెర్షెల్ కనుగొనెను. అడ్డుకొలత సుమారు 500 కిలోమీటర్లు, పైభాగమెల్ల మంచు, అచటి శీతలత సున్నకు దిగువ సుమారు 200 డిగ్రీలు.

అమెరికా, ఐరోపా, ఇటలీ సంస్థలు పంపిన కాసిని నౌక 1997లో బయలుదేరి 2004లో శనిని చేరినది. మరుసటి యేడే ఆ ఉపగ్రహపు దక్షిణధ్రువమున మంచు పగుళ్లనుండి నీటియావిరి, హిమకణములు ఎగజిమ్ముచున్నట్లు తెలిసినది. ఆ కణములలో ఉప్పు కనబడినది. మంచుపొర క్రింద గోళమంతటను సముద్రము వ్యాపించియున్నదని 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శని యాకర్షణచే ఆ గోళము ఎడతెగక నలిగి లోలోపల వేడెక్కుటచేతనే ఆ నీరు గడ్డకట్టక నిలిచినది.

సముద్రమున్నంతమాత్రమున ప్రాణి యున్నదనరాదు; లేదనుటకును వీలులేదు. ఆ సందేహమే నౌక గతిని నిర్ణయించినది. ఇంధనము తరిగిన నౌక అదుపుతప్పి ఎన్నడైన అచట కూలినచో, భూమినుండి వెంటబోయిన సూక్ష్మజీవులు ఆ జలమును చేరవచ్చును. అందుచే 2017 సెప్టెంబరు 15న దానిని శని వాతావరణమున దగ్ధము గావించిరి. ఇరువదియేండ్లు కాపాడుకొన్న నౌకను, ఉన్నదో లేదో తెలియని ప్రాణికొఱకు వారు వదలుకొనిరి.

పొరుగువారి నూతినీరు చెడగొట్టరాదను మర్యాద మన పల్లెలకు క్రొత్తది గాదు. శనిమండలమున ఆచరింపబడినదియు అదియే.