మిరప పూతలో పురుగు: మందు కొట్టే ముందు రెక్కలు చూడండి

మిరప ఆకు ముడుచుకోగానే మందుల షాపుకు పరిగెత్తకండి. ముందు పురుగేదో చూద్దాం.

తెల్ల కాగితం మీద పూలు, లేత ఆకులు దులపండి. మంచి భూతద్దం పెట్టండి. సన్నగా, పొడుగ్గా, 1–2 మిల్లీమీటర్లు ఉండి, రెక్కల అంచున ఈకలాగా వెంట్రుకల కుచ్చు ఉంటే అది తామర పురుగు. రెక్కలే లేకుండా, దానికన్నా బాగా చిన్నగా, గుండ్రంగా మెరుస్తుంటే నల్లి. అది సాలీడు వర్గం, మందు వేరు. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని గుర్తు.

తామర పురుగులోనూ రెండు రకాలున్నాయి. పాతది పసుపు రంగు, ఆకుల మీద ఎక్కువ. కొత్త రకం మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దొరికింది, 2021లో మన మిరపను దెబ్బతీసింది. ఇందులో ఆడది ముదురు గోధుమ రంగు, పూలల్లో గుంపుగా ఉంటుంది. మగది మాత్రం పసుపే! అందుకే ఒక్క పురుగును చూసి తేల్చొద్దు.

మీసంలో కణుపులు పాతదానికి 8, కొత్తదానికి 7. అది మైక్రోస్కోపులోనే తెలుస్తుంది. చిన్న సీసాలో స్పిరిట్ పోసి, పురుగుల్ని వేసి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. తెలియకుండా కొట్టిన మందుకు డబ్బూ పోతుంది, మేలు చేసే పురుగులూ పోతాయి.