వీధి దీపం ఎవరిది?

ఈ అధ్యక్ష పీఠం ఎక్కినవాళ్లు శాస్త్రం మొత్తాన్ని సింహావలోకనం చెయ్యాలంటారు. అది నా వల్ల కాదు. 30 ఏళ్లుగా ఒక్క వీధి దీపం స్తంభాన్నే పట్టుకుని వేలాడుతున్నానని మిత్రులు ఎగతాళి చేస్తుంటారు. నిజమే. ఇవాళ కూడా వదలను.

రాజ్యాంగంలో పురపాలికల 12వ షెడ్యూలులోని 18 అంశాలూ మీకు కంఠతా వచ్చు. 17వ దాంట్లో బస్టాపుల సరసన వీధి దీపం ఉంది. కరెంటు పంపిణీ మాత్రం ఎక్కడా లేదు. పంచాయతీల 11వ షెడ్యూలులో 14వ అంశం చూడండి: గ్రామీణ విద్యుదీకరణ, పంపిణీతో సహా. 1992లో ఒకే పార్లమెంటు రెంటినీ ఆమోదించింది. కాగితం మీదైనా పల్లెకు దక్కింది పట్నానికి దక్కలేదు.

మొదటినుంచీ ఇలా లేదు. 1910 విద్యుత్ చట్టంలో, ఊరి కరెంటు కంపెనీ లైసెన్సు గడువు తీరితే కొనుక్కునే హక్కు ఆ ఊరి పురపాలికదే. 1959 సవరణ వచ్చి విద్యుత్ బోర్డును ముందు నిలబెట్టింది, దాని వెనక రాష్ట్ర ప్రభుత్వాన్ని. ఆ ఇద్దరూ వద్దంటేనే పురపాలిక వంతు. ఇక 2003 విద్యుత్ చట్టం 87వ సెక్షను: రేట్లు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు 21 మందికి మించని సలహా సంఘంలో పరిశ్రమ, వ్యవసాయం, రవాణా, కార్మికులు, వినియోగదారులు, పరిశోధకులు అందరి పేర్లూ ఉన్నాయి. పురపాలిక పేరు లేదు. మొదటి పంక్తిలో విస్తరి వేసినవాణ్ణి చివరి పంక్తికి జరిపి, ఆఖరికి పిలుపే మానేశారు.

“కౌన్సిలర్ల రాజకీయం నుంచి రేట్లను కాపాడింది కమిషన్లే” అని పొద్దున ఒక పెద్దాయన సెలవిచ్చారు. కమిషన్ ఉత్తర్వుల్లో అదే చట్టం 108వ సెక్షను ప్రస్తావన ఆయన కంట పడలేదు కాబోలు. విధాన ఆదేశాలిచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. అది విధానమా కాదా అన్న వివాదంలో ఆఖరి మాటా దానిదే. అదేం రాజకీయమో మరి! 1898లో అమెరికాలో ఇలాంటి అధ్యక్ష పీఠం నుంచే శామ్యూల్ ఇన్సల్ రాష్ట్ర నియంత్రణ కావాలని అడిగాడు. ఆయన సంస్కర్త కాదు, షికాగో కరెంటు కంపెనీ అధిపతి. నగర కౌన్సిళ్ల పీడ వదిలించుకోవాలన్నది ఆయన తాపత్రయం. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ కమిషన్లు వచ్చాయి.

రేట్లు నిర్ణయించే అధికారం నగరాలకిమ్మని నేను అడగడం లేదు. పది ఊళ్లకు పోయే లైను ఖర్చును ఏ ఒక్క ఊరూ తేల్చలేదు. అది కమిషన్ పనే. కానీ రోడ్డు తవ్వకం, స్తంభం చోటు, దీపం, మంచినీటి పంపు బిల్లు: వీటి మీద ఊరి మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వకూడదని చట్టంలో రాయండి. 1965 ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ఆస్తిపన్నులోనే దీపాల పన్ను పెట్టింది. జనం దగ్గర పన్ను పుచ్చుకునేవాడికి దాని ఖర్చు మీద నోరుండొద్దా?

కమిషన్ జరిపిన ఒక బహిరంగ విచారణ గుర్తొస్తోంది. వెనక బెంచీలో ఒక మున్సిపల్ ఇంజనీరు, చేతిలో అభ్యంతర పత్రం. పేరు పిలిచారు.

“ఏ కేటగిరీ?”

“మున్సిపాలిటీ అండి.”

“అది సరే. ఏ కేటగిరీ?”

కాసేపు ఆగి, “ఎల్టీ సిక్స్ అండి” అన్నాడాయన, వీధి దీపాల టారిఫ్ నెంబరు చెబుతూ.

రాజ్యాంగం ప్రభుత్వమన్న సంస్థ, ఆ హాల్లో ఒక బిల్లు నెంబరు. నా వాదమంతా ఆ రెండు మాటల్లో ఉంది. తరవాత నేను రాసిన వ్యాసాలన్నీ దానికి వ్యాఖ్యానమే.

కుర్రవాళ్లకో మనవి. టారిఫ్ ఉత్తర్వుల మీద థీసిస్‌లు చాలు. పాత పురపాలికల తీర్మానాల పుస్తకాలు రికార్డు రూముల్లో చెదలు తింటున్నాయి. కిరసనాయిలు దీపాల కాంట్రాక్టులు, తొలి కరెంటు కంపెనీలతో పేచీలు వాటిలో వెతకండి. పనికి ఎవరైనా పూనుకుంటే, ఆ ఇంజనీరు ఇచ్చిన అభ్యంతర పత్రం నకలు నా సంచీలో ఉంది. భోజనాల వేళ వచ్చి తీసుకోండి.